పుల్లలు లేని రేవు

పుల్లల పెద్దమ్మ పొద్దున లేవగానే చేసే మొదటి పని కాళ్ళు చూసుకోవడం. మొహం కడుక్కోవడం కూడా ఆ తర్వాతే. మంచం అంచున కూర్చుని రెండు అరికాళ్ళూ తిప్పి, వేళ్ళ సందులు విప్పి, ఎక్కడైనా పగిలిందా, ముల్లు దిగిందా, తిమ్మిరి పట్టిందా అని తడిమి చూసుకునేది. ఆమె పని కళ్ళతో అయ్యేది కాదు. ఏటి నీళ్ళ మీద ఎండ పడితే ఎంత చురుకు కళ్ళకైనా అడుగున ఏముందో కనపడదు. రాయి కదులుతోందా, పాచి పట్టిందా, నిన్నటి ఇసుక తిన్నె ఇవాళ గుంట అయిందా అనేది కాలికే తెలుస్తుంది. ఒళ్ళంతా ఎండిపోయి గరుకు తేలినా పట్టించుకునేది కాదు గానీ, అరవై రెండేళ్ళ వయసులో కూడా కాళ్ళకు మాత్రం రోజూ నూనె రాసుకునేది. ఆ ఒక్క గారాబం చూసి మరదలు నవ్వేది.

ఏటికి ఈవల ఏటివాళ్ళ ఇళ్ళు. ఆవల వాళ్ళ కూరగాయల తోటలు, మేకల దొడ్లు. మధ్యలో వంతెన లేదు. వంతెన వేస్తామని చెప్పి కొలతలు తీసుకెళ్ళినవాళ్ళు మూడుసార్లు వచ్చారు, మూడుసార్లూ మంచినీళ్ళు తాగి పోయారు. ఉన్నదల్లా రాళ్ళ మీద నడిచి దాటే రేవు. తెల్లవారుతూనే పెద్దమ్మ తొక్క ఒలిచిన తెల్లటి పుల్లలు ముప్పైకి పైగా కట్టకట్టి భుజాన వేసుకుని నీళ్ళలోకి దిగేది. ఒక్కొక్క రాయి మీదా తన బరువంతా మోపి, అది నిలకడగా ఉందని తేలాక, దాని పక్కన దిగువ వైపు జానెడు దూరంలో ఒక పుల్ల గుచ్చేది. పుల్ల ఉందంటే అక్కడ అడుగు వేయవచ్చు. పూట మారేసరికి ఏరు రాళ్ళను దొర్లించేస్తుంది కాబట్టి నిన్నటి పుల్లను ఇవాళ నమ్మకూడదు. రోజూ దిగాలి, రోజూ తొక్కి చూడాలి.

ఆ పనికి కట్టుబాట్లు రెండే. తన కాలు మోపని చోట పుల్ల గుచ్చకూడదు, ఇది ఒకటి. ఎగువన వాన పడి ఏరు వచ్చే జాడ తెలిస్తే పుల్లలన్నీ పీకి ఒడ్డున పెట్టేయాలి, ఇది రెండోది. పుల్లలు లేవంటే ఇవాళ రేవు లేదు, ఎవరూ నీళ్ళలో కాలు పెట్టకూడదు. చంటిపిల్లలకు తప్ప ఏటివాళ్ళలో ఇది తెలియనివాళ్ళు లేరు. తెలుసు కాబట్టే ఒకరికొకరు చెప్పుకున్నదీ లేదు.

ఈ విద్య ఆమెకు మేనత్త దగ్గర వచ్చింది. మేనత్త పోయేనాటికి ఈమెకు ముప్పై ఏళ్ళు. అప్పటికే ఒక పురుడు చెడిపోయింది. మొగుడు పట్నంలో పని చూసుకుంటానని వెళ్ళి, పనితో పాటు ఇంకొక ఆవిణ్ణి కూడా చూసుకున్నాడు. ఆమె సుఖపడ్డ రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కానీ ముప్పై రెండేళ్ళలో ఆమె గుచ్చిన పుల్లను నమ్ముకుని దాటిన మనిషి ఒక్కడు కూడా జారి పడలేదు. ఈ మాట ఆమె ఎప్పుడూ పైకి అనలేదు. తమ్ముడు ఊరిపెద్ద అయినప్పుడు జనమంతా చప్పట్లు కొడుతుంటే, అక్క మాత్రం వెనక వరసలో నిలబడి, వీడికి దక్కిన చప్పట్లు నాకెందుకు, నాకు ఏరు తెలుసు అనుకుని మురిసిపోయింది. మనసులో ఆ మాత్రం గర్వం ఉండేది.

ఏటివాళ్ళు అనేది పట్నంవాళ్ళు పెట్టిన పేరు. ప్రభుత్వ కాగితాల్లో మూలవాసులు అని గౌరవంగా రాస్తారు. రాసి, ఆ కాగితాన్ని ఎక్కడ పెట్టారో మరిచిపోతారు. ఏటివాళ్ళు కూడా ఊరికే ఉండలేదు, పట్నం నుంచి సెలవు రోజున గాలాలు పట్టుకుని వచ్చేవాళ్ళకు గాలంబాబులని పేరు పెట్టారు. గాలంబాబులు గంటల తరబడి ఎండలో నిలబడి చేపను పడతారు. పట్టి, ఫోటో తీసుకుని, దాన్ని పసిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుని తిరిగి నీళ్ళలోకి వదిలేస్తారు. తినని చేపను పట్టడం దేనికో ఏటివాళ్ళ బుర్రకు ఎంతకీ ఎక్కేది కాదు. "దాని మూతి చీల్చి క్షమించమంటారు, అదేం సరదానో!" అని ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకునేవారు.

మంచి మడుగులన్నీ ఆవలి ఒడ్డునే ఉన్నాయి. తారురోడ్డేమో ఈవల, ఏటివాళ్ళ ఇళ్ళ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి గాలంబాబులు ఏటివాళ్ళ పెరళ్ళలోంచి నడిచి, వాళ్ళ వలలు తొక్కి, రేవులో ఇష్టం వచ్చినట్టు దిగేవారు. ఏటివాళ్ళు కంచె వేశారు. గాలంబాబులు కంచె కత్తిరించారు. ఒక ఏడు ఎవరో కార్ల టైర్లు కోసేశారు. ఆ గొడవలో పెద్దమ్మ తమ్ముడు పది రోజులు ఠాణాలో ఉండి వచ్చాడు. అప్పటి నుంచి అతని చెవి ఒకటి సరిగా వినపడదు.

ఆ తర్వాతి ఏడు డ్రాయింగ్ మాస్టారు వచ్చారు. బడిలో బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి, గాలం సంఘానికి కార్యదర్శి. గాలం లేకుండా వచ్చి ఒడ్డున కూర్చుని మూడు పొద్దులు పెద్దమ్మ పని చేస్తుంటే చూశారు. నాలుగో రోజు పలకరించారు.

"అమ్మా, ఆ పుల్లలు దేనికి?"

"అడుగేయడానికి."

"నేను వేయొచ్చా?"

"మీ కాళ్ళు, మీ ఇష్టం."

ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పుల్ల పుల్లకీ ఆగుతూ ఆవలి ఒడ్డుకు చేరి, అక్కడి నుంచి రెండు చేతులూ పైకెత్తి ఊపారు. ఆమెకు నవ్వొచ్చింది. వచ్చేటప్పుడు కూడా అలాగే వచ్చి, "పెద్దమ్మా, ఇలాంటి దారి నేనెక్కడా చూడలేదు" అన్నారు.

"మీకంటే నేను రెండేళ్ళయినా చిన్నదాన్ని. ఇంకోసారి పెద్దమ్మా అన్నారంటే చెంప పగులుతుంది."

"అయితే పిన్నీ అని పిలవనా?"

అలా ఆమె గాలంబాబులందరికీ పుల్లల పెద్దమ్మ అయిపోయింది. ఏడాది తిరిగేసరికి ఏటివాళ్ళు కూడా అదే అన్నారు.

ఒప్పందానికి రెండేళ్ళు పట్టింది. తమ్ముడు మొదట ససేమిరా అన్నాడు. ఠాణాలో తిన్న దెబ్బలు అంత తొందరగా మరుపుకు రావు కదా. ఆ రోజు ఊరంతా కూర్చున్నప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పెద్దమ్మ లేచి నిలబడి మాట్లాడింది. "వాళ్ళు ఎలాగూ వస్తారు. కంచె తెంపుకుని వచ్చే బదులు తలుపు తట్టి వస్తే మనకు మర్యాద, వాళ్ళకూ మర్యాద. రేవు సంగతి నేను చూసుకుంటాను" అన్నది. చేపల శాఖ, గాలం సంఘం, ఏటివాళ్ళు, ముగ్గురూ సంతకాలు పెట్టారు. కంచెకు పెట్టే గేటు తాళంచెవి ఊరిపెద్ద ఇంట్లో ఉంటుంది. రోజుకు పన్నెండు మందికి మించి రాకూడదు. నాలుగో మడుగు దాటి పోకూడదు, అక్కడ ఏటివాళ్ళ వలలుంటాయి. వానాకాలం నాలుగు నెలలూ గాలాలు బంద్. వీటన్నిటికంటే పెద్ద మాట ఇంకొకటి ఉంది: ఈ ఒడ్డు ఏటివాళ్ళదని ఒక ప్రభుత్వ కాగితం మీద మొదటిసారి పడింది. ఆ పేజీని తమ్ముడు అద్దం కట్టించి గోడకు తగిలించాడు.

మాస్టారు గేటు పక్కన నిలబెట్టడానికి ఒక బోర్డు తయారుచేశారు. మూడు రంగులు, మూలన ఒక చేప బొమ్మ. పెద్దమ్మకు చదువు రాదు కాబట్టి ఆయనే చదివి వినిపించారు. "పుల్లల వెంట నడవండి. పుల్లలను విడిచి పక్కకు పోకండి. బాగుందా?"

"బాగుంది."

"ఇంకేమైనా రాయాలా? చోటుంది."

"ఇంకేముంది రాయడానికి?" అన్నది పెద్దమ్మ. ఆ మాట ఆమె మామూలుగానే అన్నది. నిజంగానే ఆమెకు ఇంకేమీ తోచలేదు.

ఐదేళ్ళు ఒక్క గొడవ లేకుండా గడిచాయి. వానాకాలంలో గాలంబాబులు రారు. ఏరు పొంగేదేమో వానాకాలంలోనే. కాబట్టి పుల్లలన్నీ పీకేసిన రేవును ఈ ఐదేళ్ళలో పట్నంవాళ్ళెవరూ చూడలేదు. చూడలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ రోజు వేసవి ఇంకా పోలేదు. ఏరు ఎన్నడూ లేనంతగా తగ్గి, రాళ్ళ నెత్తులు తేలి, నీళ్ళు పిక్కల దాకా కూడా లేవు. ఆకాశంలో మబ్బు తునక లేదు. పెద్దమ్మ తెల్లవారుజామున రేవులో కాలు పెట్టి అక్కడే ఆగిపోయింది. నీళ్ళు నిన్నటికంటే చల్లగా ఉన్నాయి. రాళ్ళ మొదళ్ళలో సన్నటి నురగ, ఆ నురగలో నలిగిన ఆకు ముక్కలు. ఎగువ కొండల్లో రాత్రంతా వాన దంచింది. మధ్యాహ్నం లోపల వస్తుంది, అదీ కొద్దిగా కాదు. ఆమె ముప్పై నాలుగు పుల్లలూ పీకింది. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది. కట్టకట్టి ఒడ్డున పాక చూరు కింద పెట్టి, పైన వలల దగ్గరున్నవాళ్ళకు చెప్పడానికి ఒడ్డు వెంబడే ఎగువకు నడిచింది. ఈ పనిలో ఆమె చేయవలసింది ఒక్కటి కూడా మిగల్చలేదు.

తొమ్మిదింటికి మాస్టారు వచ్చారు. మరదలు ఎప్పటిలాగే తాళంచెవి చేతికిచ్చింది. పుల్లలు లేవన్న సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. కానీ చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తోస్తే కదా! రేవు దాకా వెళ్తారు, లేవని చూస్తారు, తిరిగి వస్తారు, మజ్జిగ ఇచ్చి పంపిద్దామనుకుంది. గ్లాసు కడిగి పెట్టుకుంది కూడా.

పదకొండు దాటాక ఏరు వచ్చింది.

పెద్దమ్మ వెనక్కి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. గేటు దగ్గర మాస్టారి పాత కారు చూసి ఆమె సంతోషించింది. మరదలి దగ్గర కూర్చుని కబుర్లు చెబుతూ ఉంటారు, నేనూ కాసేపు కూర్చోవచ్చు అనుకుంది. ఇంట్లోకి వెళ్ళి, "మాస్టారేరీ?" అని అడిగింది. మరదలు, "నీతో ఎగువకు వచ్చారనుకున్నాను, లేరా?" అన్నది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తారు.

రెండు రోజుల తర్వాత మాస్టారు ఆరు మైళ్ళ దిగువన దొరికారు. గాలం సంచి పట్టీ భుజానికి అలాగే ఉంది. ఏటివాళ్ళే వెతికారు, ఏటివాళ్ళే మోసుకొచ్చారు. పెద్దమ్మ తమ్ముడు మంచం ముందు కొస పట్టుకున్నాడు.

విచారణకు ముందు రోజు తమ్ముడు అక్క గదికి వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలో నిలబడి మాట్లాడి పోయేవాడు, ఆ రోజు మంచం మీద కూర్చున్నాడు.

"అక్కా, రేపు ఏం చెబుతావు?"

"ఏం జరిగిందో అదే."

"జరిగింది నేను చెబుతాను, విను. పొద్దున నువ్వు పుల్లలు గుచ్చావు. నీళ్ళొచ్చి కొట్టుకుపోయాయి. ఆయనా కొట్టుకుపోయారు. ఎవరి తప్పూ లేదు. ఒప్పందం నిలుస్తుంది, ఒడ్డు నిలుస్తుంది."

"నేను పుల్లలు పీకాను కదరా."

"పీకావని నువ్వంటే వాళ్ళకు అర్థమయ్యేది ఒక్కటే. ముసల్ది దారి గుర్తులు తీసేసి మనిషిని చంపిందంటారు. ఇంకోటి అర్థం కాదు వాళ్ళకు. మన చేతుల్లో గేటుండడం ఇష్టంలేనివాళ్ళు శాఖలో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసా? ఇలాంటి మాట కోసమే కాచుకుని ఉన్నారు."

శాఖవాళ్ళ గురించి తమ్ముడన్న మాటలో అబద్ధమేమీ లేదని పెద్దమ్మకు తెలుసు. అందుకే అంత బాధ.

"ఒరే, ఏరు వస్తుందని తెలిసిన పొద్దున నేను పుల్లలు గుచ్చానని నా నోటితో చెప్పమంటావా? రా నాయనా, దాటు అని వరదలోకి పిలిచానని? మనవాళ్ళల్లో ఇంతకంటే పాపిష్టి పని ఏదైనా ఉందా?"

"మనవాళ్ళకు నిజం తెలుసు కదా. వాళ్ళకు నేను చెప్పుకుంటాను."

"మరి ఆయనకెవరు చెబుతారు?"

"చచ్చినాయనకు నువ్వేం చెప్పినా ఒకటే అక్కా" అన్నాడు తమ్ముడు. అని, అన్నందుకు తనకే సిగ్గేసి లేచి వెళ్ళిపోయాడు.

విచారణ చేపల శాఖ మీటింగు హాల్లో జరిగింది. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు చేపల జాతుల పటం, కీచుమనే మైకు. అధికారిణికి జలుబు చేసింది, మాటిమాటికీ చేతిరుమాలు ముక్కుకు అద్దుకుంటోంది. పక్కన గుమాస్తా టైపు చేస్తున్నాడు. గాలం సంఘంవాళ్ళు ఒక వైపు, ఏటివాళ్ళు ఒక వైపు కూర్చున్నారు. మొదటి వరసలో ఒంటరిగా మాస్టారి భార్య ఉంది. పెద్దమ్మ ఆమెను చూడడం అదే మొదలు. ఆయన నోట వినీ వినీ ఎలా ఉంటుందో ఊహించుకుంది గానీ, ఇంత చిన్న మనిషి అనుకోలేదు.

"ఆ రోజు రేవులో గుర్తు పుల్లలు ఎందుకు లేవు?" అని అడిగింది అధికారిణి.

తమ్ముడు వినపడే చెవి ఇటు తిప్పి కూర్చున్నాడు. పెద్దమ్మ వాడి వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడింది.

"నేనే తీశాను."

హాల్లో కుర్చీలు కదిలాయి.

"ఎందుకు తీశారు?"

"ఏరు వస్తోందని తెలిసింది."

"ప్రమాదం ఉందని తెలిసి, గుర్తులు తీసేశారా?"

"అవునమ్మా. ప్రమాదం ఉంది కాబట్టే తీశాను."

అధికారిణి తన ప్రశ్న ఈమెకు అర్థం కాలేదనుకుంది. అదే ప్రశ్న ఇంకొంచెం గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి, చెవిటివాళ్ళను అడిగినట్టు మళ్ళీ అడిగింది. పెద్దమ్మ అదే జవాబు మళ్ళీ చెప్పింది. గుమాస్తా టైపు చేయడం ఆపి తలెత్తాడు. గాలం సంఘంలో ఎవరో "అయ్యో దేవుడా" అన్నారు.

"పుల్ల ఉంటే అడుగు వేయాలి. లేకపోతే వేయకూడదు. పుల్లలు అసలే లేకపోతే ఆ రోజు రేవే లేదు" అన్నది పెద్దమ్మ.

"ఈ నియమం ఒప్పందంలో ఉందా?"

"తెలియదు. నాకు చదువు రాదు."

"లేదు" అన్నది అధికారిణి, కాగితాలు తిరగేసి. "బోర్డు మీద కూడా లేదు. మీరు గాలం సంఘానికి ఎప్పుడైనా చెప్పారా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"నిప్పు ముట్టుకుంటే కాలుతుందని ఇంటికి వచ్చినవాళ్ళకు చెబుతామా అమ్మా? వాళ్ళకు తెలుసనుకున్నాను. మాస్టారు అడిగారు కూడా, ఇంకేమైనా రాయాలా అని. ఏమీ లేదన్నాను." ఆమె మొదటి వరస వైపు తిరిగింది. "అప్పుడు చెప్పి ఉండాల్సింది. నాకు తోచలేదు" అన్నది.

మాస్టారి భార్య లేచింది. ఎవరూ పిలవలేదు. మైకు దగ్గరకు వెళ్ళలేదు, కూర్చున్న చోటే నిలబడి మాట్లాడింది.

"ఆ రోజు ఒడ్డు మీంచి ఆయన నాకు ఫోన్ చేశారు. నేను ఈ మాట ఎవరికీ చెప్పలేదు, దీనికి అర్థం ఉందని నాకే తెలియదు. చాలా సంతోషంగా ఉన్నారు. 'ఏరు ఎంత తగ్గిపోయిందంటే పెద్దమ్మ పుల్లలన్నీ తీసేసింది, ఇవాళ ఎటుపోయినా భయం లేదు, పెద్ద మడుగు దాకా వెళ్ళి వస్తాను' అన్నారు. రోడ్డు మరమ్మతు అయిపోయాక అడ్డం తీసేస్తారు చూడండి, అలా అనుకున్నారు."

పెద్దమ్మ రెండు చేతులతో ముందున్న కుర్చీ వీపు పట్టుకుంది. ఇన్ని రోజులూ ఆమె మనసులో ఒక చిన్న ఆశ ఉండేది. ఆయన పుల్లలు లేవని చూసి ఉండరు, ఏదో పరధ్యానంలో దిగి ఉంటారు అనుకునేది. చూశారు. చూసి, తనను నమ్మి, నవ్వుతూ దిగారు. ముప్పై రెండేళ్ళలో తనను నమ్మినందుకు పోయిన మనిషి ఒక్కడున్నాడు.

బయట మెట్ల దగ్గర మాస్టారి భార్య ఆమె కోసం ఆగింది. కొట్టినా పడదామనుకుని పెద్దమ్మ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఆయన ఇంట్లో మీ మాట ఎప్పుడూ అనేవారు" అన్నది ఆవిడ. "పుల్లలు ఏట్లో కొట్టుకుపోయాయని మీ తమ్ముడు మొన్న మా ఇంటికొచ్చి చెప్పాడు. నేను నమ్మాను. రోజూ ఆ ఏటిని తిట్టుకుంటూ కూర్చున్నాను, కాస్త నిద్ర పట్టేది. మీరూ ఆ మాటే చెప్పి ఉండాల్సింది."

"అబద్ధమమ్మా అది."

"అయితే ఏం? ఇప్పుడు నేనెవరిని తిట్టుకోను? మిమ్మల్ని తిట్టుకుందామంటే మీరు మీ పని చేశారు. ఆయన రాసిన బోర్డు ఆయన్ను కాపాడలేదని రోజూ అనుకుంటూ బతకాలా నేను?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు, పైట సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నెల తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. ఒప్పందం రద్దు. రేవు నిర్వహణలో స్థానికుల పద్ధతులు సురక్షితం కావని తేలింది కాబట్టి తదుపరి ఆదేశాల వరకు ఒడ్డు చేపల శాఖ ఆధీనంలో ఉంటుంది. ఏటివాళ్ళు తమ సొంత పూచీ మీద దాటవచ్చు. గేటుకు శాఖవాళ్ళు తమ తాళం వేసుకున్నారు. తమ్ముడు గోడ మీది అద్దం పటం దించి బీరువా వెనక పెట్టాడు. అక్కతో మాటలు ఆపలేదు, అన్నం తిన్నావా, మందు వేసుకున్నావా అని అడిగేవాడు. అంతకుమించి ఒక్క మాట ఉండేది కాదు. తిట్టినా బాగుండునని ఆమె అనుకునేది. ఊళ్ళో కొంతమంది, "నిజం చెప్పి ఏం సాధించింది? మన ఒడ్డు పోగొట్టింది" అన్నారు. ఇంకొంతమంది, "అలా చెప్పకపోతే ఆమె పుల్లలు ఎవరు నమ్ముతారు?" అన్నారు. ఆ రెండో మాట విని ఆమె కాస్త ఊపిరి పీల్చుకుంది. ఒడ్డు పోతే పోయింది, పుల్లలున్నాయి అనుకుంది.

వానలు తగ్గి, ఏరు దిగి, రేవు తేలిన మొదటి రోజు పెద్దమ్మ మామూలు కంటే ముందే నీళ్ళలోకి దిగింది. నాలుగు నెలల్లో రాళ్ళన్నీ తారుమారయ్యాయి. రెండు పాత రాళ్ళు కనపడలేదు, ఒక కొత్త బండ మధ్యలో వచ్చి కూర్చుంది. అన్నిటినీ ఒకటికి మూడుసార్లు తొక్కి చూసి, ముప్పై ఆరు పుల్లలు గుచ్చింది. అది ఆమె చేసిన మంచి దారుల్లో ఒకటి. ఎండ పడి పుల్లలు తెల్లగా మెరుస్తున్నాయి. ఈవలి ఒడ్డుకు వచ్చి నడుము పట్టుకుని నిలబడింది.

తమ్ముడి కూతురు వచ్చింది, చంకలో పిల్ల, చేతిలో బుట్ట. పుట్టిన దగ్గర నుంచీ ఈ రేవులో వేలసార్లు దాటిన మనిషి. ఒడ్డు అంచు దాకా వచ్చి ఆగింది. పుల్లల వైపు చూసింది. పిల్లను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"అత్తా, దాటొచ్చా?"

మేనకోడలు వేళాకోళం చేస్తోందనుకుని పెద్దమ్మ నవ్వబోయింది. "పుల్లలున్నాయి కదే!"

"ఉన్నాయి. అయినా నువ్వు చెప్పు అత్తా. చూసి అర్థమైందనుకునే కదా మాస్టారూ దిగింది. పిల్లతో ఉన్నాను, నోటితో చెప్పు."

పెద్దమ్మ మేనకోడలి మొహం చూసింది. ఆ మొహంలో ఎగతాళి లేదు, కోపం లేదు. ఒట్టి భయం.

"దాటొచ్చు" అన్నది చివరికి.

మేనకోడలు దిగింది. వెనక ఇంకో నలుగురు బుట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. పెద్దమ్మ తమకు కూడా చెబుతుందని ఎదురుచూస్తున్నారు.